తెలుగు డబ్బింగ్‌లో ఊరి పేరు ఎందుకు మార్చాలి? ‘సత్యం సుందరం’ చూశాక నా బాధ

500డి_ప్రయాణం
మొన్న శనివారం రాత్రి అమ్మకి ‘సత్యం సుందరం’ పెట్టాను. తమిళంలో ‘మెయ్యళగన్’, 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. నేను అప్పుడే తమిళంలో చూశాను, ఏడ్చాను కూడా. అమ్మ ఒంగోలు నుంచి బెంగళూరులో మా హెబ్బాళ్ ఫ్లాట్‌కి వచ్చి పది రోజులైంది. ఫ్లాట్‌లో పొద్దుపోక ఇబ్బంది పడుతోంది, ఇదైతే తప్పకుండా నచ్చుతుందని పెట్టాను.

అరగంట బాగానే చూసింది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, “ఉద్దండరాయునిపాలెం అంటున్నారేమిట్రా? ఈ వాలకం చూస్తే మేం కుంభకోణం యాత్రకి పోయినప్పుడు చూసిన ఊళ్ళలా ఉంది. గుంటూరు జిల్లాలో ఇలా ఎక్కడుంది?” అని అడిగింది. నేను సంగతి చెప్పాను. అసలు కథ తంజావూరు వైపుది, తెలుగులో దాన్ని గుంటూరు చేశారు, చెన్నైని వైజాగ్ చేశారు అని. “ఏం, తంజావూరంటే మాకు తెలియదనా?” అంది.

ఆ మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. తంజావూరు మనకి తెలియని ఊరా? రఘునాథ నాయకుడు తెలుగు కావ్యాలు రాసిన ఊరు. త్యాగరాజు అన్నేళ్ళు పాడుకున్న తిరువయ్యారు దాని పక్కనే ఉంది. ఆ పేరు వింటే తెలుగువాళ్ళు సినిమా ఆపేసి లేచిపోతారని ఎవరనుకున్నారు?

మీ ఇళ్ళల్లో ఎలా ఉంది? ఊరు మారిస్తే మీకు అడ్డం రావడం లేదా, లేక నాకే ఈ పట్టింపా?

అత్తగారి_రిమోట్
మా అత్తగారికి అడ్డం రాలేదు. ఆవిడకి సబ్‌టైటిల్స్ చదివే ఓపిక లేదు, శుక్లాల ఆపరేషన్ అయింది. ‘సత్యం సుందరం’ రెండుసార్లు చూసి రెండుసార్లూ కళ్ళు తుడుచుకున్నారు. పెళ్ళి స్టేజీ మీదే చెల్లెలు గిఫ్టు విప్పి అన్నయ్య తెచ్చిన నగలు పెట్టుకునే సీను ఉంది కదా, అక్కడ నన్ను ఆపమని చెప్పి ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశారు. అది గుంటూరైతే ఏంటి, తంజావూరైతే ఏంటి? మనుషులు అందారు, చాలు.

కోరమంగళ_పీజీ
రిమోట్ అక్క చెప్పిందే నా మాట. పీజీలో ఆరుగురం చూశాం, ఊరి పేరు ఒక్కరం కూడా పట్టించుకోలేదు.

తుళ్ళూరు_గట్టు
నేను పట్టించుకున్నాను. మాది ఆ పక్క ఊరే, కృష్ణ ఒడ్డు. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. ఇది కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఆ సినిమా ప్రాణమేంటి? అన్నదమ్ముల ఆస్తి తగాదాలో ఇల్లు పోయి, ఊరొదిలి వెళ్ళిన పిల్లాడు ఇరవై ఏళ్ళు దాటాక తిరిగొస్తాడు. వచ్చి చూస్తే ఊరు తనని మర్చిపోలేదు. వదిలేసి వెళ్ళిన పాత సైకిల్ ఇంకో ఇంటికి దారి చూపించింది. అంటే ఊరు అలాగే ఉంది, వెళ్ళిపోయింది మనిషి.

ఇప్పుడు ఉద్దండరాయునిపాలెం సంగతి చెప్తాను. 2015 అక్టోబర్ 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది ఆ ఊళ్ళోనే. చుట్టుపక్కల రైతులు రాజధాని కోసం ముప్పై వేల ఎకరాలకి పైగా ఇచ్చేశారు. మా తాత ఇచ్చిన మూడెకరాల్లో అరటి, మల్లె ఉండేవి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు తెల్లారుజామున మల్లెమొగ్గలు కోసి, తడిగుడ్డలో మూట కట్టి బస్సెక్కించేవాళ్ళం. ఇప్పుడు నేను ఊరికి పోతే ఇల్లు కనిపిస్తుంది, పొలం కనిపించదు. గట్టు ఎక్కడుండేదో మా నాన్నే సరిగ్గా చూపించలేడు.

అలాంటి ఊరి పేరు తీసుకొచ్చి, ఏమీ మారని ఊరి కథకి పెట్టారు. మిగతా వాళ్ళకి అదొక వినసొంపైన పేరు. నాకు మాత్రం థియేటర్‌లో ఆ పేరు వినగానే కడుపులో కలిచినట్టయింది. ఇక్కడ నిజంగా పుట్టే కథ వేరే ఉంది. పొలం ఇచ్చేసిన కొడుకు తిరిగొచ్చి ఏం వెతుక్కుంటాడన్నది కథ. దాన్ని ఎవరూ తీయలేదు, పేరు మాత్రం వాడేసుకున్నారు.

అత్తగారి_రిమోట్
గట్టుగారూ, ఇది నాకు తెలియదండి. చదువుతుంటే మనసు బరువెక్కింది. అత్తగారికి చదివి వినిపించాను. “పాపం, మల్లెతోటా” అన్నారు.

వడపళని_మైకు
నేను చెన్నైలో డబ్బింగ్ చెప్తాను, పదకొండేళ్ళ నుంచి. ఈ సినిమాకి పనిచేయలేదు, కాబట్టి అక్కడ ఏం ఆలోచించారో నేను చెప్పను. మామూలుగా పని ఎలా జరుగుతుందో చెప్తాను.

మాటలు రాసేవాళ్ళకి మొదటి శత్రువు పెదవులు. ప, బ, మ వచ్చినప్పుడు పెదవులు మూసుకుంటాయి. తెర మీద నటుడి పెదవి మూసుకున్న చోట మన మాటలోనూ అలాంటి అక్షరమే పడాలి. లేకపోతే చూసేవాళ్ళకి ఎక్కడో తేడా కొడుతుంది, ఎక్కడో వాళ్ళూ చెప్పలేరు. ఒకసారి ‘తంజావూర్’ అని అద్దం ముందు చెప్పి చూడండి. తర్వాత ‘గుంటూర్’ అనండి. చివర రెండిటికీ నోరు ఒకేలా గుండ్రంగా ముగుస్తుంది. క్లోజప్‌లో అది పెద్ద వరం.

రెండోది డబ్బు పెట్టేవాళ్ళ భయం. “మన సినిమాలా ఉండాలి” అనే మాట నేను ప్రతి రికార్డింగ్‌లోనూ విన్నాను. బోర్డు మీద అరవ అక్షరాలు కనిపిస్తే చెరిపేయమంటారు. భయం తప్పంటారా, తప్పే. కానీ ఆ గదిలో పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి దాకా కూర్చుని, ఒక్కో లూపు, అంటే సీనులో చిన్న ముక్క, పదిహేనుసార్లు చెప్పేవాళ్ళని మాత్రం తక్కువ చేయకండి. సత్యం సుందరంలో రాత్రిపూట నీళ్ళ దగ్గర మాట్లాడుకునే సీను తెలుగులో కూడా నిలబడిందంటే అది గొంతుల పుణ్యం.

500డి_ప్రయాణం
మైకు గారూ, గొంతుల్ని నేను ఒక్కమాట అనలేదు, అననూ. తెలుగు గొంతులు బాగున్నాయి కాబట్టే ఇంత బాధ.

మీరన్న భయం గురించి ఒక్కటి అడుగుతాను. కన్నడ ‘కాంతార’ 2022 అక్టోబర్‌లో తెలుగులో వచ్చింది. అందులో దైవాలైన పంజుర్లిని పంజుర్లి అనే అన్నారు, గుళిగని గుళిగ అనే అన్నారు. ఆ దైవాల కోసం ఆడే భూతకోల అంటే ఏంటో మనలో చాలామందికి ఆ రోజు వరకు తెలియదు. ఎవరూ ఆ ఊరిని తెచ్చి శ్రీకాకుళంలో పెట్టలేదు. అయినా మనవాళ్ళు ఎగబడి చూశారు. తర్వాత 2025 అక్టోబర్ 2న ‘కాంతార చాప్టర్ 1’ వస్తే ఊర్వశి థియేటర్‌కి కన్నడ స్నేహితులతో కలిసి వెళ్ళాను. నా పక్క సీటు పెద్దాయన నెల్లూరు మనిషి, కోల ఆట గురించి తన మనవడికి తెలుగులో చెప్తున్నాడు. ప్రేక్షకుడు నేర్చుకుంటాడండి. వాడికా అవకాశం ఇవ్వాలి.

వడపళని_మైకు
కాంతారలో దేవుడే ఆ నేల. ఊరు మారిస్తే సినిమా ఉండదు. కుటుంబ కథల్లో అయితే “ఎక్కడైనా ఒకటే కదా” అనేస్తారు. అసలు గొడవ అక్కడే ఉంది.

తుళ్ళూరు_గట్టు
ఎక్కడైనా ఒకటే కాదు. ఆ మాట ఇంటికి కూడా వర్తించదు.

మదనపల్లె_టమాటా
తమిళంలో కార్తి పాత్రకి ఎద్దు ఉంటుంది, జల్లికట్టు కథ ఉంటుంది. విడుదలయ్యాక నిడివి ఎక్కువైందని మొత్తం 18 నిమిషాలు కోసేశారు, ఆ కథలో కొంత అందులో పోయింది. ఆంధ్రాలో జల్లికట్టు కావాలంటే మా చిత్తూరు వైపు రావాలి. చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్ళల్లో సంక్రాంతికి ఎద్దుల కొమ్ములకి పలకలు కట్టి వదులుతారు. ఊరు మార్చక తప్పదని అనుకున్నవాళ్ళు కనీసం మ్యాపు చూసి ఉంటే కథకి దగ్గరి ఊరే దొరికేది.

యాస సంగతికొస్తే నాకు ‘పుష్ప’ మీద ప్రేమా ఉంది, కోపమూ ఉంది. మా మాటని ఇన్నాళ్ళూ కమెడియన్‌కో రౌడీకో ఇచ్చారు. హీరో నోట పెట్టి దేశమంతా తిప్పారు, అది నేను మర్చిపోను. నా చిన్నప్పుడు తిరుపతి కాలేజీలో మాట్లాడితే నవ్వేవాళ్ళు, ఇప్పుడు ఆఫీసులో ఢిల్లీవాళ్ళు కూడా అనుకరిస్తున్నారు. కోపమేంటంటే, పక్కనున్న పాత్రలకి యాస ఒక సీనులో ఉంటుంది, ఇంకో సీనులో పోతుంది. రెండో భాగంలో నాకు అది మరీ తెలిసింది. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాకి అంత ఖర్చు పెట్టినవాళ్ళు, సెట్‌లో రోజూ కూర్చుని వినడానికి మా ఊరి ముసలమ్మ ఒకరిని పెట్టుకోలేరా?

కోరమంగళ_పీజీ
ముసలమ్మ ఐడియా సూపర్. మా అమ్మమ్మ రెడీ, పలమనేరు నుంచి ఒక్క బస్సు.

సిరిసిల్ల_మగ్గం
టమాటా అన్న చెప్పిన ముసలమ్మ మాట ‘బలగం’లో నిజంగా జరిగినట్టు ఉంటుంది నాకు. 2023 మార్చిలో వచ్చింది. దర్శకుడు వేణు మా సిరిసిల్ల మనిషే. చావు ఇంట్లో పిట్టకి పెట్టడం, పిట్ట ముట్టకపోతే ఇంట్లోవాళ్ళ ముఖాలు ఎట్లా మారతాయో చూపించడం, అదంతా చదివి రాస్తే వచ్చేది కాదు. కూర్చుని చూసినవాడు రాయాలి.

మా నాయనమ్మ పోయినప్పుడు మూడో రోజు మాకు అదే అయింది. మాంసం, కల్లు, ఆమెకి ఇష్టమైన సర్వపిండి, అన్నీ ఆకులో పెట్టి దూరంగా నిలబడ్డం. కాకులు గోడ మీద వాలి చూస్తున్నయి, దిగవు. మా పెదనాయన, మా నాయన అప్పటికి నాలుగేండ్లుగా మాట్లాడుకోవట్లేదు. ఎవరూ ఏం చెప్పకముందే పెదనాయన వచ్చి నాయన భుజం మీద చెయ్యేసిండు. ఆ చెయ్యి వణకడం నాకు ఇంకా కండ్ల ముందు ఉంది.

ఆ సినిమా చివర బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడతారు. ఊళ్ళల్లో తెరలు కట్టి జనం అందరూ కలిసి చూసిన్రు, చూసి విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నరు. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో పోయిండు. ఆయన గొంతుని తీసేసి ఇంకో ఊరి గొంతు పెడితే ఆ సినిమా ఉంటుందా? మన సినిమాని వేరే భాషవాళ్ళు అట్లా చేస్తే మనం ఊరుకుంటమా? తంజావూరువాళ్ళకి కూడా వాళ్ళ గొంతు అంతే.

500డి_ప్రయాణం
మగ్గం అన్నా, నేను మొదటి పోస్టులో చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే.

కోరమంగళ_పీజీ
అందరూ ఒకవైపు వెళ్ళిపోతున్నారు, నేను ఒప్పుకోను. ‘ప్రేమలు’ తెలుగులో చూశారా? 2024 మార్చిలో వచ్చింది, మాటలు ఆదిత్య హాసన్. అంతకు రెండు నెలల ముందే ‘90స్’ సిరీస్ తీసిన మనిషి. మలయాళం జోకుని మాటకి మాట మార్చకుండా మన కుర్రాళ్ళు ఇవాళ మాట్లాడే మాటలు పెట్టారు. హాలంతా నవ్వింది. అదే ఉన్నదున్నట్టు దింపి ఉంటే సగం జోకులు చచ్చిపోయేవి. స్వేచ్ఛ తీసుకోవడం ఎప్పుడూ తప్పే అనకండి.

వడపళని_మైకు
పీజీ తమ్ముడు నిజం చెప్పాడు. జోకు మార్చాలి, మార్చకపోతే పండదు. ఊరు మార్చాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. రెండూ కలపొద్దు.

అత్తగారి_రిమోట్
నిన్న మా అత్తగారికి మొదటి ఇరవై నిమిషాలు తమిళంలో పెట్టాను, ఈ చర్చ వల్లే. కార్తి పాత్ర అరవింద్ స్వామిని ‘అత్తాన్’ అంటూ తిరుగుతుంది కదా. తెలుగులో ‘బావా’. రెండూ విన్నాక ఆవిడ ఏమన్నారంటే, అత్తాన్ అన్నప్పుడు తల కొంచెం వంచినట్టుంది, బావా అన్నప్పుడు భుజం మీద చెయ్యేసినట్టుంది. తమిళంలో గౌరవం ఎక్కువ, మనదాంట్లో చనువు ఎక్కువ. పేరు కూడా గుర్తుకురాని చుట్టం అంత ప్రేమ చూపిస్తుంటే ఇబ్బంది పడే మనిషి కథ ఇది. అందుకు బావా అన్న పిలుపు ఇంకా బాగా కుదిరిందని ఆవిడ తీర్పు. ఇందులో మాత్రం నేను ఆవిడ పక్షమే.

తుళ్ళూరు_గట్టు
బావా అన్న మాటకి నేనూ ఓటేస్తాను. అది డబ్బింగ్ కాదు, మన ఇంట్లో మాట.

హోసూరు_గులాబీ
అందరూ గుంటూరా తంజావూరా అంటున్నారు. మధ్యలో మేమున్నామని ఎవరికీ గుర్తు రాలేదు.

మాది హోసూరు పక్క పల్లె. తమిళనాడు, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పనికి రోజూ ఎలక్ట్రానిక్ సిటీకి వస్తాను, అక్కడ కన్నడం. మా తిరుత్తణి, కోవిల్‌పట్టి, కోయంబత్తూరు వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. తంజావూరు వైపు ఊళ్ళో తెలుగు మాట్లాడే కుటుంబం అని ఒక్క మాట పెడితే సరిపోయేది. ఊరు అలాగే ఉండేది, తెలుగూ అలాగే ఉండేది. ఆ ఆలోచన ఎవరికీ రాలేదంటే మేం ఉన్నట్టు తెలియదనే కదా?

కి.రాజనారాయణన్ తమిళంలో అంత పెద్ద రచయిత, ఇంట్లో మాట్లాడింది తెలుగు. ఆయన ‘గోపల్ల గ్రామం’ నవల మొత్తం తెలుగు దేశం నుంచి దక్షిణానికి వలసపోయినవాళ్ళ కథ. స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో పులికాట్ ఒడ్డు తెలుగు చదివినప్పుడు నాకు మా అవ్వ పక్కన కూర్చున్నట్టు ఉంది. పుస్తకాల్లో మేమున్నాం, తెర మీద లేం. మా అవ్వ మాట్లాడితే ఇక్కడి తెలుగు స్నేహితులే “నీది తెలుగేనా” అంటారు. ఆ మాట వినీ వినీ అవ్వ ఇక్కడికి రావడం మానేసింది.

మదనపల్లె_టమాటా
గులాబీ చెల్లీ, నీదీ తెలుగే, నాదీ తెలుగే. అవ్వని తీసుకురా, మా ఇంట్లో భోజనం.

పాత_పుస్తకాల_పురుగు
సినిమాల్లో తేలని ఈ లెక్క పుస్తకాల్లో కొంత తేలింది. 2025లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చిన ‘హార్ట్ ల్యాంప్’ చూడండి. హాసన్‌కి చెందిన బాను ముష్తాక్ కన్నడ కథలు, 12. దీపా భాస్తి ఇంగ్లీషు చేశారు. కన్నడ, ఉర్దూ, అరబ్బీ మాటల్ని వాలు అక్షరాల్లో (ఇటాలిక్స్) వేరు చేయలేదు, కింద అర్థాలూ ఇవ్వలేదు. చదివేవాడే రెండడుగులు ముందుకు రావాలి. అలాంటి పుస్తకానికే ప్రపంచంలో పెద్ద బహుమతి వచ్చింది. కన్నడ పుస్తకానికి అది మొదటిసారి.

తెలుగులో కావాలంటే వసుధేంద్ర కన్నడ నవల ‘తేజో తుంగభద్ర’ చదవండి, రంగనాథ రామచంద్రరావు అనువాదం. లిస్బన్ లిస్బన్‌గానే ఉంది, తుంగభద్ర తుంగభద్రగానే ఉంది. నేను మెట్రోలో బయ్యప్పనహళ్ళి దగ్గర మొదలుపెట్టి దిగాల్సిన స్టేషన్ రెండుసార్లు దాటేశాను.

కోరమంగళ_పీజీ
పుస్తకం చదివేవాళ్ళు వేరు పురుగు గారూ. వాళ్ళు ముందుకు రావడానికి సిద్ధంగానే ఉంటారు. రాత్రి పదకొండింటికి షిఫ్టు దిగి ఫోన్‌లో సినిమా పెట్టుకునేవాడికి ఆ ఓపిక ఎక్కడుంది?

కోలారు_అల్లుడు
ఓపిక ఉందో లేదో మా మామగారిని అడుగు తమ్ముడూ. కోలారు కన్నడిగుడు. కర్ణాటకలో వేరే భాషల సినిమాలు కన్నడంలోకి డబ్బింగ్ చేయడం దశాబ్దాల పాటు ఆపేశారు. 2015లో కాంపిటీషన్ కమిషన్ తీర్పు చెప్పాకే తలుపు తెరుచుకుంది. అంతవరకు ఆయనలాంటివాళ్ళు మన సినిమాలన్నీ తెలుగులోనే చూశారు. ఆయన తెలుగు బడిలో నేర్చుకోలేదు, ఎన్టీఆర్ నుంచి నేర్చుకున్నారు. పెళ్ళిచూపుల్లో మా నాన్నతో పద్యం ధోరణిలో మాట్లాడారు, సంబంధం సగం అక్కడే కుదిరింది.

ఆ నిషేధం మంచిదని నేను అనడం లేదు, కన్నడంలో చూసే హక్కు వాళ్ళకి ఉండాల్సిందే. కానీ ఉన్నదున్నట్టు చూస్తే భాష వస్తుందనడానికి ఈ బెంగళూరు కంటే సాక్ష్యం అక్కర్లేదు.

కోరమంగళ_పీజీ
ఉన్నదున్నట్టు థియేటర్‌లో చూద్దామంటే టికెట్టు ఏది? కర్ణాటకలో సినిమా టికెట్టుకి 200 రూపాయల పరిమితి 2025 సెప్టెంబర్‌లో పెట్టారు, అదే నెలలో హైకోర్టు ఆపేసింది. ఆ నెల ఎంత ఆశపడ్డానో.

సిరిసిల్ల_మగ్గం
ఆశ పడింది నువ్వొక్కనివే కాదు తమ్మీ.

పాత_పుస్తకాల_పురుగు
ఒక ఇంటిని నమ్ముకుని తీసినదాంట్లో నాకు బాగా నచ్చింది ‘35 చిన్న కథ కాదు’, 2024 సెప్టెంబర్. తిరుపతిలో ఒక ఇల్లు, ఒక బడి. సున్నాకి విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని అడిగే పిల్లాడు. వాడికి ఎవరూ సరిగ్గా జవాబు చెప్పరు. లెక్కలు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని చెప్పేది తల్లి. మా అబ్బాయి ఏడో తరగతి, సర్జాపూర్ రోడ్డులో బడి, తెలుగు చదవడం రాదు. ఆ సినిమా చూశాక పక్కన కూర్చుని “అమ్మా, సున్నా సంగతి నువ్వు చెప్పు” అన్నాడు, తెలుగులో. ఊరు తిరుపతి కాబట్టి వాడికి తెలుగు కష్టమవ్వలేదు. ఆ తల్లి ఎక్కడ నిలబడి మాట్లాడుతోందో వాడికి తెలిసింది.

తుళ్ళూరు_గట్టు
అవును, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలియాలి. మా ఊరి పేరు వాడినందుకు కాదు నా కోపం. మా ఊరి మీద నిలబడకుండా వాడినందుకు.

500డి_ప్రయాణం
నిన్న రాత్రి మళ్ళీ పెట్టాం. ఈసారి అమ్మే తమిళంలో పెట్టమంది. మొదట్లో ఆ కుర్రాడు ఇల్లు వదిలే ముందు రాత్రి గదులన్నీ ఒక్కడే తిరుగుతాడే, అక్కడ మాటలు పెద్దగా లేవు, అమ్మకి అన్నీ అర్థమయ్యాయి. పెళ్ళి మండపంలో చుట్టాల మాటలు పట్టుకోలేకపోయింది గానీ ‘అత్తాన్’ని పట్టుకుంది. రిమోట్ గారి అత్తగారు చెప్పింది చెప్పాను, “ఆవిడ సరిగ్గా చెప్పింది” అంది.

నీళ్ళ దగ్గర కూర్చునే సీను వచ్చేసరికి మాత్రం, “ఇక్కడ తెలుగు పెట్టరా, వీళ్ళేం మాట్లాడుకుంటారో నాకు ప్రతి ముక్కా కావాలి” అంది. మార్చాను. ఆ అరగంట తెలుగులో విని, అయ్యాక మళ్ళీ తమిళం పెట్టించింది. పడుకోబోతూ, “ఆ గట్టు ఊరబ్బాయి వాళ్ళ నాన్న ఇప్పుడెక్కడుంటారట?” అని అడిగింది.

తుళ్ళూరు_గట్టు
మా దగ్గరే, వైట్‌ఫీల్డ్‌లో. బాల్కనీలో రెండు మల్లె కుండీలు పెట్టారు. అమ్మగారికి చెప్పండి.

అత్తగారి_రిమోట్
మధ్యలో భాష మారిస్తే సినిమా మళ్ళీ మొదటికి పోతుందా, ఆగినచోటి నుంచే వస్తుందా? అత్తగారు టీవీ ముందు కూర్చుని అడుగుతున్నారు, కాస్త త్వరగా చెప్పండి.